గోడ మీద పన్నెండు

హన్మకొండలో నా దుకాణం గోడ మీద ఒక పట్టిక ఉంది. తెల్ల డ్రాయింగ్ షీటు, పైన లామినేషన్, నాలుగు మూలలా తుప్పు పట్టిన మేకులు. ఎడమ పక్కన పాత కంప్యూటర్ సామాన్ల పేర్లు, కుడి పక్కన అంకెలు. ఫ్లాపీ మొదలుకొని సీడీ, హార్డ్‌డిస్కు, నెట్‌వర్కు తీగ, యూఎస్‌బీ దాకా ఏది సెకనుకు ఎంత సమాచారం మోస్తుందో పాతికేళ్ల కింద నా చేత్తోనే స్కెచ్‌పెన్నుతో రాసి పెట్టుకున్నాను. అప్పట్లో రిపేర్లతో పాటు సాయంత్రాలు హార్డ్‌వేర్ కోర్సు కూడా చెప్పేవాణ్ణి. నా దగ్గర చదివిన వాళ్లంతా ఆ పట్టికను నోటుబుక్కులోకి ఎక్కించుకునే బయటికి పోయేవాళ్లు. దాన్ని చూసుకుని ఎంత మురిసిపోయేవాణ్ణో! మన పెళ్లి ఫోటోకు కూడా అంత మంచి చోటు దొరకలేదని మా ఆవిడ సాధిస్తుండేది.

అసలు ఆ పట్టిక అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి. కంప్యూటర్ సామాన్లు అమ్మే కంపెనీలకు ఒక పాడు అలవాటు ఉంది. మన ఫైళ్లను మనం బైట్లలో కొలుచుకుంటాం. తీగలో పరుగెత్తే వేగాన్ని మాత్రం వాళ్లు బిట్లలో చెబుతారు. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. బిట్లలో చెబితే అంకె ఎనిమిది రెట్లు పెద్దగా కనబడుతుంది కదా, అదీ సంగతి. డబ్బా మీద నాలుగు వందల ఎనభై అని రాసి ఉంటే జనం నోరు తెరుచుకుని కొంటారు. ఎనిమిదితో భాగించి చూస్తే అది ఉత్త అరవై. పాత హార్డ్‌డిస్కుల వాళ్లేమో నిజాయితీగా బైట్లలోనే రాసేవాళ్లు. అందుకని ఒక సామాను మీది అంకెనూ ఇంకో సామాను మీది అంకెనూ పక్కపక్కన పెడితే పిల్లలకు తల తిరిగిపోయేది. ఈ గోల ఎందుకని అన్నింటినీ మెగాబైట్లలోకి మార్చి ఒకే వరసలో రాసేశాను. ముప్పై మూడు, అరవై ఆరు, నూరు, నూట ముప్పై మూడు... అంకె పక్కన అది దేని కొలతో రాయలేదు. రాయాలని తోచను కూడా లేదు.

అది మా బాపు దగ్గర అబ్బిన అలవాటు. మా బాపు ఎనుమాముల మార్కెట్‌లో దడవాయి. అంటే కాంటా పక్కన నిలబడి మిర్చి బస్తాలు తూచి, బరువు ఎంతో నలుగురికీ వినబడేట్టు అరిచి చెప్పే మనిషి. బడి సెలవుల్లో నన్నూ వెంట తీసుకుపోయేవాడు. ఆయన అరుపులో అంకె తప్ప ఇంకో మాట ఉండేది కాదు. "నలభై రెండూ!" అంతే. వినే హమాలీకీ, అమ్మే రైతుకూ, కొనేవాడికీ అది కిలోలని తెలుసు. ఒకసారి నన్ను చీటీ రాయమంటే నేను బుద్ధిమంతుడిలా అంకె పక్కన "కిలోలు" అని కూడా రాశాను. పడీ పడీ నవ్వాడు.

"అంకె రాయి బిడ్డా, సాలు. గది కిలోలని గాడిదకు గూడ ఎర్కనే" అన్నాడు.

అయితే ఎవరు ఏ చీటీ చేతికిచ్చినా ఆయన ఒక ప్రశ్న మాత్రం అడగకుండా వదిలేవాడు కాదు. "తరుగు తీసిందా, తియ్యందా?" మార్కెట్‌లో గోనె బరువనీ, తేమ అనీ తూకంలోంచి కొంత కోస్తారు. ఆ కోతే తరుగు. కోయక ముందు ఒక అంకె, కోశాక ఒక అంకె. చీటీ మీద చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. అడగకపోతే తెలియదు. రోజుకు వంద చీటీలు వస్తే వందసార్లూ అడిగేవాడు, ఎదుటివాడు విసుక్కున్నా సరే. నేను ఆయన మొదటి అలవాటును ఇంటికి తెచ్చుకున్నాను. రెండోదాన్ని యార్డులోనే వదిలేసి వచ్చాను.

ఇక ఆ రోజు సంగతి. ఎండలు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. పొద్దున పదకొండు గంటలకు ఇద్దరు దుకాణం మెట్లెక్కారు. ఒకాయన రిటైరైన టీచరు, డెబ్బై దాటి ఉంటాయి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఆయన వెనక నలభై ఏళ్లావిడ, చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చింది. ములుగు అవతల అడవి అంచున ఊరు వాళ్లది. తెల్లారి మొదటి బస్సు పట్టుకుని బయల్దేరారట. సారు చేతి సంచిలోంచి తువ్వాలలో చుట్టిన హార్డ్‌డిస్కు తీసి బల్ల మీద పెట్టాడు. పాత కాలంది, ఇటికె ముక్కంత బరువు, నలభై జీబీది.

"తమ్మీ, మూడు దుకాన్లు తిరిగినం. గిసొంటి పాతయి మేం ముట్టమన్నరు. నీ తాన అయితదని పంపిచ్చిన్రు" అన్నాడు.

"ఆళ్లకేం తెలుసు సార్, నిన్న మొన్న దుకాన్లు దెర్సినోళ్లు. కూసోండ్రి" అన్నాను. అప్పటికే నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

సారు చెప్పింది ఇదీ. వాళ్ల ఊరివాళ్లు తాతల నాటి నుంచి అడవి అంచున నేల చదును చేసుకుని దున్నుకుంటున్నారు. పోడు భూములు. వాటికి పట్టా రావాలంటే ఎవరు ఎప్పటినుంచి ఎక్కడ దున్నుతున్నారో రుజువు చూపించాలి. కాగితాలు ఎవరి దగ్గర ఏడ్చాయి! ముసలివాళ్ల నోటి మాటే రుజువు. సారు ఆ ఊరి బడిలో పనిచేసిన రోజుల్లో ఎవరినో బతిమాలి కెమెరా తెచ్చి, ముప్పై ఒక్కమంది ముసలివాళ్లను వాళ్ల వాళ్ల చేలలోనే నిలబెట్టి మాట్లాడించాడు. ఏ బండ నుంచి ఏ చెట్టు దాకా తమది, మొదట ఎవరు చదును చేశారు, ఏ పంట వేశారు, అన్నీ. దాన్నంతా బడి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. సీడీలు కూడా రెండు కట్టలు చేయించాడు. ఒకటి ఇచ్చినచోట పోయింది. ఇంకోటి గీతలు పడి చదవడం మానేసింది. ఇప్పుడు ఆ ముప్పై ఒక్కమందిలో ఒక్కరూ బతికి లేరు. బడి కంప్యూటర్‌ను ఎప్పుడో మూలన పడేస్తే, అందులోంచి ఈ డిస్కు ఒక్కదాన్నీ సారు విప్పి దాచుకున్నాడు. మర్నాడు పొద్దున పట్టాల మీద అధికారుల విచారణ.

"మా అమ్మ గూడ ఉన్నదన్నా గండ్ల" అంది ఆవిడ. "మా చెల్క హద్దులు మా అమ్మనే చెప్పింది. మా అయ్య లేడు, అన్నదమ్ములు లేరు. నేనొక్కదాన్నే దున్నుకుంటాన. రేపు ఆళ్లకు అమ్మను సూపెట్టకపోతే చెల్క పోతది."

"ఏం ఫికర్ జెయ్యకు చెల్లె" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

డిస్కుకు కరెంటిచ్చి చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. తిరుగుతోంది, కానీ లోపల గరగర. ఇలాంటివాటిని వందల్లో చూశాను. వేడెక్కనంత సేపే వాటికి ప్రాణం. "రెండు గంటలు ఆగుతది సార్. మస్తయితె ఇంకో పావుగంట. అటెన్క లోపలి ముల్లు పళ్లెం మీద పడి గీరుతది. గీరిందంటె దేవుడొచ్చినా ఏం జెయ్యలేడు" అని చెప్పాను. ఆ రోజు నేను చెప్పినవాటిలో ఇది ఒక్కటే అక్షరాలా నిజమైంది.

ఇటువంటి డిస్కును ఇప్పటి కంప్యూటర్‌కు తగిలించాలంటే నడుమ కన్వర్టర్ అని ఒక చిన్న డబ్బా కావాలి. మంచిది ఒకటి ఉండేది, అంతకు ముందు వారమే కరెంటు హెచ్చుతగ్గులకు కాలిపోయింది. సొరుగు అడుగున దాని తాత ఒకటి ఉంది, మొదటి తరం యూఎస్‌బీది. పదేళ్లుగా దాన్ని ముట్టుకోలేదు. దుమ్ము దులిపి, గోడ వైపు చూశాను. "పాత యూఎస్‌బీ" ఎదురుగా పన్నెండు అని ఉంది. నోటి లెక్క వేశాను, పైకే, వాళ్లకు వినబడేట్టు. నలభై జీబీ అంటే నలభై వేల మెగాబైట్లు. సెకనుకు పన్నెండు చొప్పున మూడు వేల మూడు వందల చిల్లర సెకన్లు. యాభై ఐదు నిమిషాలు.

"గంటల అయిపోతది సార్. డిస్కు మొత్తం తీస్తాన" అన్నాను.

సారు కొంచెం మొహమాటంగా ముందుకు వంగాడు. "మొత్తం ఎందుకు తమ్మీ? దాంట్ల పిలగాండ్ల మార్కులు, ఎవలో ఎక్కిచ్చిన సినిమాలు, చెత్తంత ఉంటది. ముసలోళ్ల ఫోల్డర్ ఒక్కటి తీసియ్యి. మాకు గదే సాలు."

మా పనిలో ఒక పద్ధతి ఉంది. చావుకు సిద్ధంగా ఉన్న డిస్కును అక్కడా ఇక్కడా కెలకకూడదు. మొదటి నుంచి చివరి దాకా ఒకే ఊపులో నకలు తీసి, తర్వాత నింపాదిగా ఏరుకోవాలి. టైము ఉన్నప్పుడు అదే సరైన పద్ధతి. టైము లేనప్పుడు మాత్రం కావలసింది ఒక్కటీ లాక్కుని పరుగెత్తాలి. ఏది చేయాలో తేల్చేది లెక్కే. నా లెక్క ప్రకారం టైము కావలసినంత ఉంది.

"సార్, మీరు పాఠం చెప్తాంటె నేనొచ్చి నడుమల మాట్లాడ్తె ఊకుంటరా?" అన్నాను. నవ్వుతూనే అన్నాను. సారు కూడా నవ్వాడు, "లేదు లేదు, నీ పని నీకెర్క" అని వెనక్కి జరిగి కూర్చున్నాడు.

పదకొండుంపావుకు మొదలుపెట్టాను. నేను వాడే ప్రోగ్రాం కూడా పాతదే, నల్ల తెర మీద ఎంత శాతం అయిందో ఒక్కటే చూపిస్తుంది. సున్నా అని పడింది. యాభై ఐదు నిమిషాలు దాన్ని చూస్తూ కూర్చుని ఏం చేస్తామని టిఫిన్‌కు బయల్దేరదీశాను. సారు లేచాడు గానీ ఆవిడ కదల్లేదు.

"మీరు పోయి రాండ్రి. అమ్మను ఇడిసిపెట్టి నేనేడికొస్త" అంది.

పక్క హోటల్లో సారూ నేనూ ఇడ్లీ తిన్నాం. ముసలివాళ్ల ముచ్చట్లే చెప్పాడు సారు. ఒకాయన కెమెరా చూసి పెళ్లికి కట్టుకున్న ధోతి వెతికి కట్టుకుని వచ్చాడట. ఒకావిడ ఎంత చెప్పినా కెమెరా వైపు చూడకుండా చేను వైపే తిరిగి మాట్లాడిందట. "నువ్వు మాత్రం దొరక్కపోతె రేపు నా మొకం యాడ వెట్టుకుందును తమ్మీ" అన్నాడు. నేను ఇంకో వడ తెప్పించాను. నా అంత గొప్పవాడు వరంగల్ జిల్లాలో లేడనిపించింది.

పన్నెండుంపావు కావస్తుండగా తిరిగి వచ్చాం. ఆవిడ స్టూలును డిస్కు పక్కకు జరుపుకుని, అట్ట ముక్కతో దానికి విసురుతూ కూర్చుంది. గంట నుంచీ విసురుతూనే ఉందట.

"ఏడెక్కొద్దంటివి గదన్నా" అంది.

తెర మీద చూశాను. తొమ్మిది శాతం.

మొదట నాకు కోపం వచ్చింది, డిస్కు మీద. దొంగముండది, సతాయిస్తోంది అనుకున్నాను. చెడిపోయిన చోట ఇరుక్కుని మళ్లీ మళ్లీ చదువుతోందేమో, ముందుకు పోతే అదే ఊపందుకుంటుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. సారు గడియారం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. పొద్దున నేనన్న మాటకు జంకి ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. గల్లా పట్టుకుని అడిగి ఉంటే ఇంకా బాగుండేది. నడుమ ఎవరో ప్రింటర్ తెచ్చారు, దాన్ని విప్పుతూ కూర్చున్నాను. అలా ఇంకో ముప్పావుగంట తగలేశాను.

ఒంటి గంటకు పదహారు శాతం. కాగితం తీసుకుని రాశాను. గంటా నలభై ఐదు నిమిషాలకు ఆరు వేల చిల్లర మెగాబైట్లు. అంటే సెకనుకు ఒకటి. పన్నెండు కాదు, పది కాదు, ఒకటి. మిగతాది ఎటుపోయింది? స్టూలెక్కి పట్టికను దగ్గరగా చూశాను, కళ్లద్దాలు పైకెత్తి. పాత యూఎస్‌బీకి సరిగ్గా పై వరసలో నెట్‌వర్కు తీగ ఉంది, పన్నెండున్నర. అది వందను ఎనిమిదితో భాగించి రాసింది. కింద పన్నెండు. రెండూ కవలల్లా ఉన్నాయి. చిన్న అంకె కనబడేసరికి అది కూడా భాగించి రాసిందే అనుకున్నాను కాబోలు, ఇరవయ్యేళ్ల కింద. కాదు. అది కంపెనీ వాడు డబ్బా మీద వేసిన పన్నెండు. బిట్లు. ఎనిమిదితో భాగిస్తే ఒకటిన్నర. దారి ఖర్చులు పోను చేతికొచ్చేది ఒకటి.

తరుగు తీసిందా, తియ్యందా? బాపు గొంతు స్పష్టంగా వినబడింది. పట్టికలో ముప్పై వరసలుంటే ఇరవై తొమ్మిదింటికి తరుగు తీశాను. ఒక్కదానికి తీయలేదు. ఆ ఒక్కదాన్నీ ఈ ఇరవయ్యేళ్లలో పట్టించుకోవలసిన అవసరం పడలేదు, ఈ పూట దాకా.

స్టూలు దిగి నకలు ఆపేశాను. "సార్, ముసలోళ్ల ఫోల్డర్ ఏది?" అని అడిగాను. సారు లేచి వచ్చి వేలుతో చూపించాడు. తెరిచాను. ముప్పై ఒక్క ఫైళ్లు, ముప్పై ఒక్క పేర్లు. సారు తెర మీదికి వంగి ఒక్కొక్క పేరూ చదువుకుంటూ "ఆ... ఉన్నడు... ఉన్నది..." అంటున్నాడు. ఒక్కొక్కటి రెండు వందల మెగాబైట్లు. నేనిప్పుడు లెక్క సరిగ్గా వేస్తున్నాను. ఎంత బాగా వేస్తున్నానో!

"ఎవలిది ముందు తియ్యమంటరు? జల్ది చెప్పుండ్రి."

సారు పక్కనున్న ఆవిడను చూపించాడు. "ఈమె తల్లిది తియ్యి. మిగిలినోళ్లకు కొడుకులో, అన్నదమ్ములో ఎవలో ఒకలున్నరు కొట్లాడనీకి. ఈమెకు ఎవలు లేరు."

ఫైలు లాగి వదిలాను. పచ్చ గీత కదిలింది. కొంచెం. ఇంకొంచెం. అప్పుడు డిస్కులోంచి టిక్కుమని చప్పుడు వచ్చింది. ఆవిడ అట్ట ముక్కతో గబగబా విసరడం మొదలుపెట్టింది. టిక్కు. టిక్కు. తర్వాత గరగరమని, పలుగు రాళ్లు నూరినట్టు ఒక చప్పుడు వచ్చింది, అది ఆగిపోయింది. తెర మీద పేర్లన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. ఆవిడ విసురుతూనే ఉంది.

ఆపి, చల్లారబెట్టి, మళ్లీ కరెంటిచ్చాను. పక్క దుకాణం వాడి ఫ్రిజ్‌లో పెట్టి చూశాను. నాకొచ్చిన విద్యలన్నీ చేశాను. ఒక్కటీ పనిచేయదని మొదటి చప్పుడుకే తెలుసు, అయినా చేశాను. అంతకు ముందు వచ్చిన పదహారు శాతంలో వెతికితే ముసలివాళ్లు ఒక్కరూ లేరు. కంప్యూటర్‌లోకి వచ్చింది ఆ తల్లి ఫైలులో మొదటి ముక్క ఒక్కటే. ఆడించాను. ఒక ముసలావిడ ఎండలో నిలబడి ఉంది, చేతిలో కొడవలి. తన పేరు చెప్పింది, మొగుడి పేరు చెప్పింది. "మా చెల్క యాడుంటదంటే, గా వాగు దాటినంక, కుడి దిక్కు..." అని చెయ్యి ఎత్తింది. అక్కడితో అయిపోయింది. పద్నాలుగు సెకన్లు.

"మిగిలింది?" అని సారు అడిగాడు.

"లేదు సార్."

"మిగిలినోళ్లు?"

"ఎవలు లేరు సార్. డిస్కు శానా పాతదైపోయింది."

నా లెక్క తప్పింది సార్, మీరు చెప్పినట్టు ఫోల్డర్ ఒక్కటీ తీసుంటే అందరూ వచ్చేవాళ్లు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. బయటికి రాలేదు, పిరికి వెధవను కదా. ముప్పై ఒక్క ఫైళ్లు, రెండు వందల చొప్పున ఆరు వేల రెండు వందలు, సెకనుకు ఒకటి చొప్పున గంటా నలభై మూడు నిమిషాలు. ఒంటి గంటకల్లా ముప్పై ఒక్కమందీ నా కంప్యూటర్‌లో ఉండేవాళ్లు. ఆ డిస్కు నేనన్నట్టే రెండు గంటలు నిజాయితీగా తిరిగింది. ఆ రెండు గంటలూ నేను దాని చేత పిల్లల మార్కులూ, ఎవడో ఎక్కించిన సినిమాలూ మోయించాను.

సారు డిస్కును మళ్లీ తువ్వాలలో చుట్టబోతుంటే, ఉంచండి, హైదరాబాద్ పంపిస్తానన్నాను. "నువ్వు జేసేదంత జేసినవ్ తమ్మీ" అని భుజం తట్టి పోయాడు. ఆ చెయ్యి ఇప్పటికీ నా భుజం మీదే ఉంది. హైదరాబాద్ వాళ్లు వారానికే తిప్పి పంపించారు. పళ్లెం మీది పూతే గీసుకుపోయిందన్నారు.

విచారణ అయిన మర్నాడు సారు ఫోన్ చేశాడు. రుజువులేవన్నారట. "నేను నా చెవులార విన్న అని చెప్పిన తమ్మీ. నువ్వు విన్నది కాదు, దున్నినోళ్లు చెప్పాలె అన్నరు. గా పద్నాలుగు సెకన్లు గూడ సూపెట్టిన. వాగు దాటినంక కుడి దిక్కంటె అడివంత కుడి దిక్కే గదా అని నవ్విన్రు." తర్వాత ఆయన మళ్లీ ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. ఏ మొహం పెట్టుకుని చేస్తాను?

ఆవిడ మాత్రం వచ్చింది. మరుసటి ఏడాది మిర్చి మార్కెట్‌కు వచ్చే కాలంలో, ఒక ఆదివారం మధ్యాహ్నం. చెప్పులు బయట విడిచి, గడపలో నిలబడి "అన్నా, యాదికున్ననా?" అంది. మర్చిపోయే మొహమా అది! చెల్క పోయిందట. అటవీశాఖ వాళ్లు చుట్టూ కందకం తవ్వి మొక్కలు నాటారట. ఇప్పుడు ఎనుమాములలో మిర్చి తొడిమలు తీసే పనికి వస్తోంది, ఇక్కడే ఎవరింట్లోనో పదిమంది ఆడవాళ్లతో కలిసి ఉంటోంది. ఆవిడ లోపలికి రాగానే నాకు తుమ్ములు పట్టుకున్నాయి. చీరంతా మిర్చి ఘాటు. మా బాపు చొక్కాలు అచ్చం అలాగే ఉండేవి, అమ్మ వాటిని వేరే బకెట్లో నానబెట్టేది. నా కళ్లల్లో నీళ్లు కారుతుంటే ఆవిడ మిర్చి వల్ల అనుకుని నొచ్చుకుంది, తలుపు దగ్గరికి జరిగి నిలబడింది.

"అమ్మను ఒక్కసారి సూపెడ్తవా అన్నా?"

చూపించాను. పద్నాలుగు సెకన్లు. మళ్లీ పెట్టమంది. ముసలావిడ చెయ్యి ఎత్తగానే ఆగిపోతుంది కదా, ఆ ఆగిన బొమ్మను ఆవిడ చాలాసేపు చూసింది. వేళ్లు మండుతుంటాయి కాబట్టి తెరను ముట్టుకోకుండా దూరం నుంచే చూపిస్తూ, తల్లి చెప్పని మాటలన్నీ తానే చెప్పింది. "గీడికెళ్లి మూడు బండలు. అటెన్క ఇప్ప చెట్టు. గా ఇప్ప చెట్టు దాక మాది. అటు పక్కది మా పెద్దనాయినోళ్లది. నాకంత ఎర్కనే అన్నా. నేను చెప్తె చెల్లదంట."

అప్పటి నుంచి ప్రతి మిర్చి కాలంలోనూ వస్తుంది, మార్కెట్ బందు ఉన్న రోజు. కొత్త మిషన్లేమైనా వచ్చాయా అన్నా, డిస్కులోంచి ఇంకేమైనా తీయవచ్చా అని అడిగేది మొదట్లో. రావని చెప్పాక అడగడం మానేసింది. పద్నాలుగు సెకన్లూ రెండుసార్లు చూసి, నీళ్లు తాగి పోతుంది. ఫోన్లో వేసిస్తానంటే వద్దంది. పనిలో పోతే, పగిలితే ఎట్లా, నీ దగ్గర ఉంటే భద్రం అంది. నా దగ్గర ఉంటే భద్రమట!

మొన్న మాఘంలో వచ్చినప్పుడు, నీళ్ల గ్లాసు కింద పెట్టి, నేను ఇన్నేళ్లుగా భయపడుతున్న మాట అడగనే అడిగింది. నిష్ఠూరంగా కాదు, ఏదో పొద్దుపోని ముచ్చటలా అడిగింది.

"అన్నా, గా రోజు మా అమ్మది ఒక్కటి ముందుగాల తీసుంటే ఎంత సేపు పడ్తుండె?"

లెక్క వేయాల్సిన పని లేదు. ఆ లెక్క నాకు నా పుట్టినరోజు కంటే బాగా గుర్తు. రెండు వందల మెగాబైట్లు, సెకనుకు ఒకటి. రెండు వందల సెకన్లు. మూడు నిమిషాల చిల్లర. మేం ఆ రోజు హోటల్ మెట్లెక్కే లోపే ఆమె తల్లి ఇప్ప చెట్టు దాకా పోయి వచ్చేది. చెప్పెయ్యాలనే నోరు తెరిచాను. అంకె బయటికి వచ్చింది.

"మూడు" అన్నాను. తర్వాతి మాట రాలేదు.

"మూడు గంటలా?" అంది ఆవిడ. తల ఊపింది. "అమ్మో, గంత సేపు యాడ ఆగుతుండె గది! నేనే పిచ్చిదాన్ని, గా సారు అన్నప్పుడే నేను గూడ మా అమ్మది ముందు తియ్యమంటె వస్తుండెనేమో అని ఇన్ని రోజులు మనసుల పెట్టుకున్న. నీ తప్పేం లేదన్నా."

చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. మూడు నిమిషాలమ్మా అని వెనక నుంచి పిలిచి చెప్పవచ్చు. వీధి మలుపు దాకా కనబడుతూనే ఉంది.